తెల్లారే దాకా ఆగొద్దు



ఉబ్బసం ఉన్న ఇళ్లలో అర్ధరాత్రి దాటాక తరచూ వినిపించే మాట ఒకటుంది. "తెల్లారాక చూద్దాంలే." ఆ మాట అనేది ఎక్కువసార్లు పక్కనున్నవాళ్లు కాదు, ఆయాసపడుతున్న మనిషే. పొద్దున్నే ఇంటాయన డ్యూటీకి పోవాలి, పిల్లలకు పరీక్షలు, ఈ వేళప్పుడు ఆటో ఎవరు తెస్తారు, ఆస్పత్రికి పోతే ఎంతవుతుందో. ఇవన్నీ మనసులో లెక్కవేసుకుని, మంచం అంచున కూర్చుని, దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి, గాలి కోసం అవస్థపడుతూ కూడా "నాకేం కాదు, మీరు పడుకోండి" అంటారు. ఊపిరితిత్తుల డాక్టరుగా నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే మాట అదే.

ఆ వేళలో తీసుకునే నిర్ణయం సరైనది కావడం కష్టం. ఊపిరి అందనప్పుడు ఆలోచన సాగదు. ఇంట్లోవాళ్లకు కంగారు. అందుకే ఆ నిర్ణయాలన్నీ పగలే, ఊపిరి హాయిగా ఆడుతున్న రోజునే, డాక్టరు ఎదుట కూర్చుని ఒక కాగితం మీద రాయించుకోవాలి. ఏం కనబడితే ఏ మందు వాడాలి, ఎన్నిసార్లు వాడాలి, ఎంతసేపు చూడాలి, ఎప్పుడు ఇక చూడకుండా బయల్దేరాలి. ఆస్పత్రుల్లో దీన్ని ఆస్తమా యాక్షన్ ప్లాన్ అంటారు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ ఒక్క కాగితం గురించే.

తెల్లారాక చూద్దామనడంలో ఉన్న ప్రమాదం ఏమిటో ముందు చెప్పాలి. మన ఒంట్లో వాపును అణచి ఉంచే కార్టిసాల్ అనే హార్మోను అర్ధరాత్రి వేళకు బాగా తగ్గిపోతుంది. గాలిగొట్టాలు తెల్లవారుజామున అందరికీ కాస్త సన్నబడతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఆ తేడా తెలియదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది మూడు నాలుగు గంటల వేళ ఆయాసమై లేపుతుంది. అంటే ఒంటిగంటకు మొదలైన ఆయాసాన్ని తెల్లారే దాకా ఓర్చుకుందాం అనుకున్న మనిషి, రోజు మొత్తంలో గాలిగొట్టాలు అతి సన్నగా ఉండే గంటలను మందు లేకుండా, తోడు లేకుండా దాటాలనుకుంటున్నారన్న మాట.

బ్రిటన్‌లో ఉబ్బసం మరణాలను ఒక్కొక్కటిగా విప్పి చూసి 2014లో ఒక నివేదిక వేశారు. వాళ్లు పరిశీలించినవి 195 మరణాలు. అందులో 87 మంది, అంటే నూటికి 45 మంది, ఆ చివరి దాడిలో వైద్యసాయం అందకుండానే పోయారు. వాళ్లలో ఎక్కువమంది సాయం కోసం అడిగినట్టే ఎక్కడా లేదు. ఫోను చేస్తే అంబులెన్సు వచ్చే దేశం అది, ఆస్పత్రి వైద్యానికి జేబులోంచి డబ్బు తీయనక్కర్లేని దేశం. అక్కడా మనుషులు తెల్లారే దాకా ఆగారు. చనిపోయినవాళ్లలో ఇలాంటి కాగితం చేతికి అందినట్టు నమోదైనవాళ్లు 44 మంది మాత్రమే.

మన దేశం సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. ప్రపంచ వ్యాధిభార అధ్యయనం ప్రకారం మన దేశంలో మూడు కోట్ల మందికి పైగా ఉబ్బసం ఉంది. లోకంలోని ఉబ్బసం రోగుల్లో మనవాళ్లు దాదాపు ఎనిమిదో వంతు. ఉబ్బసంతో పోయేవాళ్లలో మాత్రం నూటికి నలభై మందికి పైగా మనవాళ్లే. మన ఊపిరితిత్తులు వేరేగా ఏమీ లేవు. రోజూ వాడాల్సిన మందు వాడకపోవడం, ఆస్పత్రికి ఆలస్యంగా చేరడం ఇందుకు పెద్ద కారణాలు. ఈ రెండూ ఇంట్లో సరిచేసుకోదగినవే.

రోజూ వాడాల్సిన మందు అన్నాను కదా, అది కాస్త విప్పి చెబుతాను. ఉబ్బసంలో రెండు పనులు జరుగుతాయి. గాలిగొట్టాల లోపలి పొర ఎప్పుడూ ఎంతో కొంత వాచి ఉంటుంది, ఆయాసం లేని రోజున కూడా. దుమ్మో, పొగో, జలుబో తగిలినప్పుడు గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. సాల్బుటమాల్ ఇన్హేలర్ ఆ బిగువును నిమిషాల్లో వదులు చేస్తుంది కాబట్టి దాన్ని అందరూ నమ్ముతారు. వాపును మాత్రం అది తాకదు. వాపు తగ్గాలంటే పీల్చే స్టెరాయిడ్ కావాలి. దాని ఫలితం రోజులమీద గానీ తెలియదు, అందుకే దాన్ని మానేస్తారు. సాల్బుటమాల్ ఒక్కదానితోనే ఉబ్బసాన్ని నెట్టుకురావడం ప్రమాదమని, పెద్దవాళ్లకూ పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ అలా రాయవద్దని, అంతర్జాతీయ ఆస్తమా నిపుణుల సంస్థ జీనా 2019లో స్పష్టంగా చెప్పింది. రెండు వందల పఫ్‌ల సాల్బుటమాల్ డబ్బాలు ఏడాదికి మూడు ఖర్చవుతున్నాయంటే ఆయాసం ముదిరే ముప్పు ఎక్కువైందని అర్థం. నెలకొకటి చొప్పున అయిపోతుంటే ప్రాణానికే ముప్పు. మందుల షాపులో అడగ్గానే ఇస్తారు కాబట్టి ఈ లెక్క చాలామంది వేసుకోరు. దయచేసి ఇవాళ వేసుకోండి.

ఇన్హేలర్ అలవాటైపోతుందని, అది చివరి మందని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాత్రగా మింగితే మందు ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. అదే పీలిస్తే మైక్రోగ్రాముల్లో నేరుగా అక్కడికే పోతుంది. పీల్చాక నీళ్లతో నోరు పుక్కిలిస్తే నోట్లో తెల్లపూత వచ్చే ముప్పు తగ్గుతుంది. మాత్రలు, సూదిమందులే బలమైనవనుకుని ఏడాదిలో పదే పదే స్టెరాయిడ్ సూది వేయించుకునేవాళ్లకు షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అసలు భయపడాల్సింది దానికి.

ఇప్పుడు కాగితంలో ఏముంటుందో చూద్దాం. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకామెను ఊహించుకోండి. నలభై ఏళ్లు ఉంటాయి. చిన్నప్పటి నుంచి ఆయాసం. మిరప కోతలు మొదలయ్యాక పని ఎక్కువ, కూలీ ఎక్కువ, ఘాటూ ఎక్కువే. ఈమెకు రాసే కాగితం, హైదరాబాదులో ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడికి రాసే కాగితం ఒకటి కాకూడదు. అచ్చువేసిన నమూనాలో పేరు రాసి ఇస్తే అది ఆమె కాగితం అయిపోదు. ఆమె ఏ పనికి వెళుతుంది, పొయ్యి కట్టెలదా గ్యాసుదా, ఇంట్లో బీడీ కాల్చేవాళ్లున్నారా, గోడలకు చెమ్మ ఉందా, రాత్రి దోమల కాయిల్ పెడతారా, తోడు ఎవరుంటారు, ఆస్పత్రి ఎంత దూరం అని అడిగి రాయాలి. పని మానేయమని రాయడం తేలిక. మానేస్తే ఇల్లెట్లా గడుస్తుందో ఆ కాగితం చెప్పదు. అందుకని ముక్కూ నోరూ మూసేలా తడిపి పిండిన గుడ్డో మాస్కో కట్టుకోవడం, గాలి తగిలే వైపు కూర్చోవడం, బస్తాలు దులిపేచోటుకు ఎడంగా ఉండటం, కోతల కాలం మొదలయ్యే ముందే డాక్టరును కలవడం లాంటివి రాయాలి. ఆమె చేయగలిగినవి రాస్తేనే ఆమె చేస్తుంది.

కాగితానికి మూడు రంగులు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. చదువురాకపోయినా స్కెచ్ పెన్నుతో మూడు పట్టీలు వేసి ఇస్తే ఏది ఏదో గుర్తుంటుంది.

ఆకుపచ్చలో ఆమె బాగున్న రోజులు. రాత్రి నిద్ర చెడదు, పని చేసుకోగలదు, ఆయాసం మందు అవసరం వారానికి రెండుసార్లకు మించదు. ఇక్కడ రాసేది రోజువారీ మందు. ఈమెకు బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్ ఉదయం, రాత్రి వాడమని రాశారనుకుందాం. ఇప్పుడు చాలామందికి ఈ ఒక్క ఇన్హేలర్‌నే రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడు అదనపు పఫ్‌గానూ వాడిస్తున్నాం. ఫార్మోటెరాల్ త్వరగా పనిచేస్తుంది కాబట్టి ఇది కుదురుతుంది. సాల్మెటెరాల్ ఉన్న ఇన్హేలర్‌తో ఇలా చేయకూడదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గనక మందు పేరు కాగితం మీద స్పష్టంగా రాయించుకోండి. "నీలంది", "గులాబీది" అని రంగులతో గుర్తు పెట్టుకోవద్దు, కంపెనీని బట్టి రంగులు మారిపోతాయి. ఇంట్లో రెండు రకాలుంటే ఆయాసానికి వాడేదానికి రబ్బరు బ్యాండ్ చుట్టి ఉంచండి. చీకట్లో చేత్తో తడిమినా తెలుస్తుంది.

పసుపు పట్టీ మీద నేను ఎక్కువసేపు కూర్చుంటాను. ఉబ్బసం దాడి చాలావరకు ఒక్కసారిగా వచ్చి మీదపడదు. ఒకటి రెండు రోజులు ముందే చెబుతుంది. రాత్రి దగ్గుతో మెలకువ, మెట్లెక్కితే ఛాతీ బిగువు, పిల్లికూతలు, జలుబు మొదలవగానే గొంతులో గురగుర. ఒక్కొక్కరికి ఒక్కో సూచన. కొందరికి గడ్డం కింద దురద పుడుతుంది, కొందరు పిల్లలు ఆటలో ముందుగా వచ్చి కూర్చుంటారు. మీ సూచన ఏదో మీకు, మీ ఇంట్లోవాళ్లకు తెలుసు. పోయినసారి ఆస్పత్రికి వెళ్లే ముందు రెండు రోజులు ఎలా గడిచాయో గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి, మీ మాటల్లోనే రాయించండి. పసుపులో పడినప్పుడు అదనపు పఫ్‌లు ఎన్ని, రోజంతా కలిపి ఎన్ని దాటకూడదు, ఎన్ని రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు ఫోను చేయాలి, స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాల్సి వస్తే ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు, ఇవన్నీ అంకెల్లో ఉండాలి. "అవసరమైతే వాడండి" అని రాసిన కాగితం రాత్రి రెండింటికి ఎవరికీ దారి చూపదు.

లక్షణాలు సరిగ్గా గుర్తుపట్టలేనివాళ్లకు పీక్ ఫ్లో మీటర్ ఉంది. ఏళ్ల తరబడి ఆయాసానికి అలవాటుపడ్డ పెద్దవాళ్లకు, సగం గాలి తగ్గినా "బానే ఉంది" అనిపిస్తుంది. బ్రిటన్‌లో మార్టిన్ రైట్ అనే ఆయన 1950ల్లో ఈ పరికరాన్ని రూపొందించారు. ఇప్పుడు దొరికేది చేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం. నిలబడి, గుండెల నిండా గాలి తీసుకుని ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి. బాగున్న రోజుల్లో రెండు వారాల పాటు చూస్తే మీ అత్యుత్తమ అంకె తేలుతుంది. మన తొడిమలామెకు అది 400 అనుకుంటే, 320కి పైన ఆకుపచ్చ, 320కీ 200కీ మధ్య పసుపు, 200 కంటే కిందికి దిగితే ఎరుపు. పక్కింటివాళ్ల అంకెతో పోల్చుకోవద్దు. మీటర్ లేకపోయినా లక్షణాలతో రాసిన కాగితం చక్కగా పనిచేస్తుంది, కొనలేదని రాయించుకోవడం మానకండి.

ఎరుపు గురించి ఇంట్లో అందరికీ తెలియాలి, పదేళ్ల పిల్లలకు కూడా. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోవడం, పడుకోలేకపోవడం, డొక్కలు ఎగరేయడం, మెడ దగ్గర గుంటపడటం, పెదాలు నీలిరంగుకు తిరగడం, మందు వాడినా కాసేపటికే మళ్లీ రావడం. ఇంకొకటి ఉంది. అప్పటిదాకా వినిపించిన పిల్లికూతలు ఆగిపోయి, మనిషి మాత్రం నీరసంగా, మగతగా ఉంటే అది తగ్గినట్టు కాదు. కూత పుట్టడానికి చాలినంత గాలి కూడా లోపలికి పోవడం లేదని అర్థం. కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెట్టి "95 ఉంది, ఫర్వాలేదు" అని ఆగేవాళ్లున్నారు. ఉబ్బసంలో ఆ అంకె పడిపోయేది బాగా ఆలస్యంగా. అంకె బాగున్నా మనిషి మాట్లాడలేకపోతుంటే మనిషినే నమ్మండి.

ఎరుపులో మొదటి పని 108కి ఫోను, లేదంటే ఉన్న బండిలో బయల్దేరడం. రెండో పని మందు. ఈ రెండూ ఒకేసారి జరగాలి, ఒకరు ఫోను, ఒకరు మందు. మనిషిని కూర్చోబెట్టండి, పడుకోబెట్టొద్దు. సాల్బుటమాల్ అయితే స్పేసర్‌తో, అంటే ఇన్హేలర్‌కు తగిలించే గొట్టంతో, ఒక పఫ్ కొట్టి నాలుగుసార్లు ఊపిరి పీల్పించి వదిలించాలి. అలా విడివిడిగా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ నాలుగు. సాయం అందేదాకా అదే. మీ డాక్టరు వేరే మోతాదు రాసి ఉంటే అదే పాటించండి. చుట్టూ మూగొద్దు, ఆవిరి పట్టించొద్దు, కర్పూరం, బామ్‌లు ముక్కు దగ్గర పెట్టొద్దు.

స్పేసర్ లేకపోతే ఎలా అని అడుగుతారు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పిల్లల డాక్టర్లు అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్హేలర్ మూతి సరిగ్గా పట్టేలా రంధ్రం చేసి, సందు లేకుండా అతికించి పిల్లలకు వాడి చూశారు. ఆయాసంలో కొన్న స్పేసర్‌కు దీటుగా పనిచేసిందని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. తయారుచేసే తీరు ఒకసారి మీ డాక్టరుకు చూపించి సరిచూసుకోండి. స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే మందు గోడలకు అంటుకుంటుంది. ఇక క్యాప్సూల్ వేసి పీల్చే రకం వాడేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లకు అది ఎలా వాడాలో చేసి చూపించండి. ఆ క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవాళ్లను నేను చూశాను, ఇంకా చూస్తున్నాను.

ఈ కాగితం కాపీ ఎవరెవరికి ఇవ్వాలి? ఇంట్లో ఒకటి వంటింటి తలుపు మీద, ఒకటి ఫోటో తీసి ఫోనులో. పల్లెల్లో ఉంటే ఇంకొకటి మీ ఊరి ఆర్ఎంపీకి. ఇది విని కొందరు డాక్టర్లు నొచ్చుకోవచ్చు. అయినా చెబుతాను. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది ఆయనే. ఎరుపు గీత ఎక్కడుందో ఆయనకు ముందే తెలిస్తే, సూది వేసి పంపేయకుండా 108కి ఫోను చేస్తాడు. ఆశా కార్యకర్తకు కూడా చూపించండి.

ఈ కాగితం పద్ధతి ఎక్కడినుంచో ఊడిపడింది కాదు. న్యూజీలాండ్‌లో 1970ల చివర, 1980ల్లో ఉబ్బసం మరణాలు ఒక్కసారిగా పెరిగాయి. అప్పట్లో అక్కడ విరివిగా వాడిన ఫెనోటెరాల్ అనే ఆయాసం మందుకు ఆ మరణాలతో సంబంధం ఉందని అక్కడి పరిశోధకులే తేల్చారు. ఆ అనుభవం తర్వాత, 1990ల మొదట్లో వైరరాపా ప్రాంతంలో మావోరీ ప్రజల సభాప్రాంగణాల్లోనే, వాళ్ల పెద్దల తోడ్పాటుతో, జేబులో పట్టేంత కార్డు ఇచ్చి నేర్పారు. ఒకవైపు పీక్ ఫ్లో అంకెలు, రెండోవైపు లక్షణాలు. ఆస్పత్రిపాలయ్యేవాళ్లు, రాత్రుళ్లు నిద్ర చెడేవాళ్లు తగ్గారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో జరిగిన పరీక్షల్లో తేలిందీ ఇంచుమించు ఇదే. రాతలో ఉన్న ప్రణాళిక, దాన్ని వాడటం నేర్పడం, డాక్టరు మళ్లీ మళ్లీ సరిచూడటం, ఈ మూడూ కలిసిన చోట ఆస్పత్రి పడకలు తక్కువ నిండాయి. కాగితం ఇచ్చి ఊరుకున్న చోట అంత ఫలితం రాలేదు.

మన పండుగలూ రుతువులూ కూడా ఆ కాగితంలో ఉండాలి. దసరాకు ముందు బూజులు దులపడం, సున్నం వేయడం, దీపావళి పొగ, భోగిమంటలు, వానలు పడ్డాక గోడల బూజు, పొలంగట్ల మీద వయ్యారిభామ పుప్పొడి. దులిపే పని ఇంకొకరికి అప్పజెప్పడం, ఆ వారం రోజువారీ మందు ఒక్కపూట కూడా తప్పకుండా చూసుకోవడం ఎవరైనా చేయగలరు. మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లిలో చేపమందు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. నమ్మకంతో వెళ్లేవాళ్లతో నేను చెప్పేది ఒకటే. ప్రయాణం, రద్దీ, అప్పుడే మారిన వాతావరణం, ఇవన్నీ ఆయాసం తెచ్చేవే. ఇన్హేలర్ జేబులో పెట్టుకునే వెళ్లండి, తిరిగొచ్చాక రోజువారీ మందు ఆపకండి.

గర్భిణులు భయపడి ఇన్హేలర్ మానేస్తారు. మానితే తల్లికి ఊపిరి తగ్గుతుంది, బిడ్డకూ తగ్గుతుంది. వాళ్ల కాగితం మూడో నెల నిండేలోపే తిరగరాయించాలి. నొప్పి మాత్రలతో ఎప్పుడైనా ఆయాసం పెరిగి ఉంటే ఆ మాత్ర పేరు ఎర్రసిరాతో కాగితం పైభాగాన రాయించండి. బీపీకి, వణుకుకు మందులు, కంటిలో వేసే చుక్కలు రాసే డాక్టర్లకు కూడా మీకు ఉబ్బసం ఉందని చెప్పాలి. బీటా బ్లాకర్లు అనే మందులు కొందరిలో గాలిగొట్టాలను బిగించేస్తాయి, కంటిచుక్కలుగా వేసినా సరే.

దాడి తగ్గి ఇంటికొచ్చాక రెండు మూడు రోజుల్లో మీ డాక్టరును మళ్లీ కలవండి. కాగితం తీసుకెళ్లండి. ఎక్కడ ఆలస్యమైంది, ఏ మందు అయిపోయి ఉంది, ఫోను ఎవరు చేయలేకపోయారు అని మాట్లాడుకుని ఆ వాక్యం మార్పించండి. పిల్లలైతే ఎత్తూ బరువూ పెరిగేకొద్దీ అంకెలు మారతాయి, కనీసం ఏడాదికోసారి కొత్తది రాయించాలి.

బడి తెరిచే ముందు ఒక కాపీ, ఒక స్పేసర్, ఒక ఇన్హేలర్ క్లాసు టీచరుకు ఇచ్చి రండి. డబ్బా మీద గడువు తేదీ చూసి ఇవ్వండి. దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయవద్దని, ఆటల మాస్టారికి అందేచోట ఉంచమని గట్టిగా అడగండి. పరుగు మధ్యలో ఆగి ఛాతీ పట్టుకున్న పిల్లవాణ్ణి మొదట చూసేది ఆయనే.